వాన ఎటు పోతే మంద అటు

ఆఫ్రికా సఫారీ అనగానే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "సింహాలు కనిపిస్తాయా?" టాంజానియాలోని సెరెంగెటి వరకైతే ఆ బెంగ అక్కర్లేదు. ఆ గడ్డినేలల్లో సుమారు 3,000 సింహాలున్నాయి. ఏ నెలలో వెళ్లినా, ఏదో ఒక చెట్టు కింద నాలుగు కాళ్లూ పైకెత్తి పడుకున్న గుంపు తగలక మానదు. నల్లమలలో రోజంతా తిరిగినా పులి అడుగుజాడ చూసి సంతోషపడి రావాల్సిన మనకు ఇది నమ్మబుద్ధి కాదు. అక్కడ చాలాచోట్ల దట్టమైన అడవి లేదు, దాక్కోవడానికి చోటు లేదు. మోకాలెత్తు గడ్డి, దాని మీద ఆకాశం, అంతే.

అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: "నేను వెళ్లే వారంలో వాన ఎక్కడ పడుతుంటుంది?"

ఎందుకంటే సెరెంగెటిలో చూడాల్సిన గొప్ప వింత ఒక చోట ఉండేది కాదు, నడిచేది. పదమూడు లక్షల విల్డెబీస్టులు, వాటితో పాటు రెండు లక్షలకు పైగా జీబ్రాలు, లక్షల కొద్దీ చిన్న జింకలు ఏడాది పొడుగునా గడియారపు ముల్లు తిరిగే దిశలో ఒక పెద్ద చుట్టు చుడతాయి. ఆ చుట్టుకు మొదలు లేదు, చివర లేదు. పార్కు విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. మందలు దక్షిణాన ఉన్నప్పుడు మీరు ఉత్తరాన గది తీసుకుంటే, మధ్యలో ఒక పూర్తి పగటి ప్రయాణం ఉంటుంది. డబ్బంతా పోసి వెళ్లి ఖాళీ మైదానం చూసి వచ్చినవాళ్లు తక్కువేం లేరు. తప్పు జంతువులది కాదు, క్యాలెండర్‌ది.

విల్డెబీస్టు అందగత్తె కాదని ముందే చెప్పాలి. ఎద్దు కొమ్ములు, మేక గడ్డం, గుర్రం తోక, ముందు ఎత్తు వెనక పల్లం. దేవుడు మిగిలిపోయిన ముక్కలన్నీ కలిపి చేశాడని అక్కడి గైడ్లు నవ్వుతూ చెబుతారు. స్వాహిలీలో దాని పేరు న్యుంబు. ఒక్కదాన్ని చూస్తే జాలి వేస్తుంది. పదివేలు ఒక్కసారిగా కదిలితే మాత్రం కడుపులో ఏదో కదిలినట్టుంటుంది. అరుపు కూడా గంభీరంగా ఉండదు, ముక్కుతో "గ్నూ గ్నూ" అన్నట్టు. అన్నీ కలిసి అరిస్తే రాత్రంతా వాగు పారుతున్న చప్పుడు.

ఈ జీవి ఎందుకు నడుస్తుందో తెలిస్తే ఎప్పుడు వెళ్లాలో దానంతట అదే తేలిపోతుంది.

పార్కు దక్షిణ కొసన, ఎన్‌డుటు పరిసరాల్లో, నేల అంతా అగ్నిపర్వతాల బూడిద. ఎన్‌గొరొంగొరొ ఎత్తులనుంచి వేల ఏళ్లుగా గాలి మోసుకొచ్చి పరిచిన బూడిద అది. ఆ అగ్నిపర్వతాల్లో ఓల్ డోయిన్యో లెంగాయ్ అనే కొండ ఇప్పటికీ సజీవంగా ఉంది. మసాయి ప్రజలకు అది దేవుడి కొండ. దాని లావా లోకంలో ఇంకెక్కడా లేని రకం. మిగతా అగ్నిపర్వతాల లావా కంటే చాలా చల్లన, పగటిపూట నల్లని బురదలా పారుతుంది, తేమ తగిలాక తెల్లబడుతుంది. ఆ బూడిదలోని సున్నం వానకు కిందికి దిగి, నేల అడుగున రాయిలాంటి పొర కట్టింది. చెట్టు వేరు ఆ పొరను దాటలేదు. అందుకే అక్కడ కనుచూపు మేర ఒక్క చెట్టు లేకుండా పొట్టి గడ్డి ఒక్కటే. చూడటానికి పలచగా ఉంటుంది గానీ, ఆ గడ్డిలో కాల్షియం, భాస్వరం దండిగా ఉంటాయి. పాలిచ్చే తల్లికి కావాల్సింది అదే.

మరి అక్కడే ఉండిపోవచ్చు కదా? నీళ్లు లేవు. ఆగ్నేయ మైదానంలో ఏడాదికి 500 మిల్లీమీటర్లు పడితే గొప్ప. వానలు ఆగగానే గుంటలు ఉప్పగా మారి ఎండిపోతాయి. వాయవ్యంలో దాదాపు రెట్టింపు వాన, ఏడాదంతా పారే మారా నది. కానీ అక్కడి గడ్డిలో ఈ సారం లేదు. సారం ఉన్నచోట నీరు లేదు, నీరు ఉన్నచోట సారం లేదు. ఈ రెంటి మధ్య నడకే ఆ బతుకంతా.

నవంబరు, డిసెంబరు నెలల్లో చిరువానలు పడగానే మందలు దక్షిణానికి దిగుతాయి. జనవరి చివరినుంచి మార్చి దాకా ఆ పొట్టి గడ్డి మీద ఈనుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద వానల మధ్యే పార్కు నడుమకు, పశ్చిమానికి జరుగుతాయి. జూన్ నాటికి గ్రుమెటి నది దగ్గర, జులై నుంచి అక్టోబరు దాకా ఉత్తరాన మారా ఒడ్డున, కొంత కెన్యా వైపు. మళ్లీ నల్లమబ్బు దక్షిణాన కనిపిస్తే వెనక్కి. ఏ వారం ఎక్కడ అన్నది ఏటా వానను బట్టి అటూ ఇటూ అవుతుంది. ఫలానా తేదీన నది దాటిస్తామని ఏ ఏజెంటైనా హామీ ఇస్తే ఆ ఏజెంటును మార్చండి.

దీన్ని మన సెలవులకు అన్వయించి చూద్దాం. పిల్లల చదువులున్న ఇళ్లలో ప్రయాణాన్ని నిర్ణయించేది వేసవి సెలవులే. దురదృష్టం, ఏప్రిల్, మే అక్కడ పెద్ద వానల కాలం. పార్కు మధ్యలో, పశ్చిమాన చాలా నేల మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. కొన్ని విడిదులు మూసేస్తారు కూడా. అయితే ధరలు దిగుతాయి, జనం ఉండరు, ఆకాశం రోజుకో రంగు చూపిస్తుంది. ఓపిక ఉన్నవాళ్లకు అదీ ఒక అందమే. దసరా సెలవులకు వెళ్తే మందలు ఉత్తరాన ఉంటాయి, కోగటెండె వైపు బస చూసుకోవాలి. సంక్రాంతికైతే దక్షిణం. ఈనడం అప్పటికి సరిగ్గా మొదలు కాదు గానీ మందలు చేరి ఉంటాయి. పిల్లల బడి గొడవ లేనివాళ్లు, పదవీ విరమణ చేసినవాళ్లు మరో మాట లేకుండా ఫిబ్రవరి ఎంచుకోవాలి. నా ఓటు దానికే.

టీవీలో చూపేదంతా నది దాటడమే కాబట్టి అందరూ జులై, ఆగస్టు అంటారు. ఈనే కాలాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. కానీ వింత అంటే అదీ. దాదాపు ఐదు లక్షల దూడలు, అందులో ఎక్కువ భాగం రెండు మూడు వారాల్లోనే పుట్టేస్తాయి. మే, జూన్ నెలల్లో నడక మధ్యలోనే పోతులు కొట్టుకుని జతకడతాయి, ఎనిమిది నెలలు తిరిగేసరికి గడ్డి పచ్చగా ఉన్న నేలకు తల్లులన్నీ ఒకేసారి చేరతాయి.

ఉదయం ఎండ ఇంకా ఏటవాలుగా ఉండగా ఒక తల్లి మందలో కాస్త పక్కకు జరిగి పడుకుంటుంది. లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. తడిసి మెరుస్తున్న గోధుమరంగు మూట ఒకటి గడ్డిలో పడుతుంది. తల్లి నాకుతుండగానే ఆ మూట కాళ్లు విప్పుతుంది. ముందు వెనక కాళ్లు లేస్తాయి, ముక్కు నేలకు తగులుతుంది, పక్కకు ఒరిగిపోతుంది. మళ్లీ లేస్తుంది. చూస్తున్న మనకు ఊపిరి ఆడదు. ఏడెనిమిది నిమిషాలు గడిచేలోపు దూడ నిలబడుతుంది, ఇంకాసేపటికి తల్లి వెంట పరుగెడుతుంది. వేరే దారి లేదు. వంద గజాల అవతల దుమ్ములగొండి కూర్చుని ఇదంతా చూస్తూ ఉంటుంది.

జింక జాతుల్లో చాలావరకు పిల్లను గడ్డిలో దాచిపెట్టి తల్లి దూరంగా మేస్తుంది. విల్డెబీస్టు దాచదు. దాని రక్షణ అంతా లెక్కలో ఉంది. ఒక్కసారిగా లక్షల దూడలు నేలమీదికొస్తే సింహం, చిరుత, చీతా, దుమ్ములగొండి అన్నీ కలిసి ఎంత తిన్నా తరగదు. ముందే పుట్టిన దూడకు, ఆలస్యంగా పుట్టిన దూడకు ఆ రక్ష ఉండదు. అవే ఎక్కువ పోతాయి. ఇంకో కష్టం కూడా ఉంది. కొత్త దూడ కదిలేది ఏదైనా తల్లే అనుకుంటుంది. గందరగోళంలో తల్లి తప్పిపోతే జీపు వెనక పరుగెడుతుంది, ఒక్కోసారి దుమ్ములగొండి వెనకే వెళుతుంది. అలాంటి దూడ మీ వాహనం వెంట పడితే డ్రైవరు ఇంజిను ఆపి మందవైపు తిరిగేదాకా ఆగుతాడు. అంతకంటే చేయగలిగింది లేదు, చేయకూడదు కూడా.

మేతలోనూ ఒక వరుస ఉంది. పొడవైన గట్టి గడ్డిని ముందు జీబ్రాలు కొరుకుతాయి. వాటికి పైపళ్లూ కిందిపళ్లూ ఉన్నాయి, పొట్ట కూడా అలాంటి ముతక మేతకు సరిపోతుంది. కింద బయటపడ్డ మెత్తని ఆకు విల్డెబీస్టుకు. అవి కదిలాక మొలిచే లేత చిగురు థామ్సన్ జింకకు. పెళ్లింట్లో మొదటి బంతి, రెండో బంతి, మూడో బంతి లేచినట్టే. ఎవరి విస్తరి వారిది కాబట్టి అన్ని లక్షల నోళ్లు ఒకే నేల మీద సర్దుకుంటున్నాయి.

ఈ మందలు ఎప్పుడూ ఇన్ని లేవు. ఆ కథలో మన దేశం పేరు కూడా ఉంది. 1880ల చివర ఇటలీ సైన్యం కోసం ఎర్రసముద్రపు రేవులో దించిన పశువులతో పశువుల ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) ఆఫ్రికాకు చేరిందనీ, ఆ పశువులు భారత్ నుంచి వచ్చాయనీ చరిత్రకారులు రాశారు. పదేళ్లు తిరక్కముందే అది ఖండం దక్షిణ కొసదాకా పాకింది. మసాయి మందలు తుడిచిపెట్టుకుపోయాయి, వెనకే కరువు. అడవి పశువులకూ అదే రోగం. 1960ల మొదట్లో సెరెంగెటిలో లెక్కపెడితే విల్డెబీస్టులు రెండున్నర లక్షలే. పశువైద్య శాస్త్రవేత్త వాల్టర్ ప్లోరైట్ రూపొందించిన టీకాను చుట్టుపక్కల పల్లెల ఆవులకు వేశారు. అడవి జంతువులకు ఒక్క సూది కూడా వేయలేదు. ఆవుల్లో రోగం ఆగగానే అడవిలోనూ ఆగింది. 1970ల చివరికి విల్డెబీస్టులు పదమూడు లక్షలు దాటాయి.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. ఇన్ని నోళ్లు గడ్డి మేసేసరికి ఎండాకాలంలో మంటలు పట్టడానికి ఎండుగడ్డి మిగల్లేదు. మంటలు తగ్గితే తుమ్మ మొక్కలు బతికాయి. చెట్లు పెరిగాయి, జిరాఫీలకు మేత పెరిగింది. పల్లెలో ఒక ఆవుకు వేసిన టీకా, ఇరవై ఏళ్ల తర్వాత మైదానంలో ఒక చెట్టయి నిలబడింది. 2011లో ముసర వ్యాధి భూమి మీద లేకుండా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచేసిన రోగం ఇదొక్కటే.

ఇక నది. మారా ఒడ్డున మంద చేరాక గంటలు గడుస్తాయి. ముందున్నవి నీళ్ల దాకా వస్తాయి, వాసన చూస్తాయి, ఏదో నీడ కదిలితే వెనక్కి దౌడు తీస్తాయి. వెనకనుంచి తోపు ఆగదు. చివరికి ఒకటి, చాలాసార్లు జీబ్రాయే, దూకుతుంది. దాంతో ఒడ్డంతా కూలి నీళ్లలో పడ్డట్టు మంద కదులుతుంది. దుమ్ము, బురద, అరుపులు, ఆవలి గట్టు నిట్టనిలువుగా ఉంటే జారి పడేవి, వాటి మీదుగా ఎక్కేవి. మొసళ్లు ఉంటాయి, నిజమే. అయితే మొసళ్లకు పోయేవాటికంటే తొక్కిసలాటలో మునిగి చచ్చేవే చాలా ఎక్కువ. శాస్త్రవేత్తలు పదిహేనేళ్ల లెక్కలు తీస్తే, ఏటా సగటున 6,250 విల్డెబీస్టులు మారాలో మునిగి చనిపోతున్నాయని తేలింది. మాంసం రాబందులకు, కొంగలకు, చేపలకు వారాల్లో అయిపోతుంది. ఎముకలు మాత్రం కరగడానికి ఏడేళ్లు పడుతుంది, అంతకాలం భాస్వరాన్ని నీటిలోకి వదులుతూనే ఉంటాయి. దక్షిణాన బూడిద నేలలో తిన్న సారం ఉత్తరాన చేపల పొట్టలోకి చేరుతుంది.

ఇప్పుడు మూటాముల్లె సంగతి. హైదరాబాద్ నుంచి ఒక చోట విమానం మారి కిలిమంజారో విమానాశ్రయంలో దిగొచ్చు. దగ్గరి ఊరు అరూషా. అక్కడినుంచి ఎన్‌గొరొంగొరొ మీదుగా, నాబి కొండ గేటు దాటి పార్కు నడుమనున్న సెరొనెరా చేరేసరికి పగలంతా అయిపోతుంది. దారి గరుకు, నడుము నొప్పి ఉన్నవాళ్లు చిన్న విమానం ఎక్కడం మేలు. అందులో సామాను 15 కిలోలకు మించనివ్వరు, అదీ చక్రాల పెట్టె కాదు, మెత్తటి సంచి కావాలి. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు టాంజానియాలో 2019 నుంచి నిషేధం, పచ్చడి డబ్బాను గుడ్డ సంచిలో పెట్టుకోండి. శాకాహారులకు బెంగ లేదు. గుజరాతీలు తరతరాలుగా ఉన్న నేల అది, చపాతీని అక్కడా చపాతీ అనే అంటారు.

ఆఫ్రికా అంటే మండే ఎండ అనుకుని నూలు బట్టలతో బయల్దేరితే జులై తెల్లవారుజామున పైకప్పు తెరిచిన జీపులో పళ్లు కొట్టుకుంటాయి. ఆ మైదానం చాలామేర సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తున ఉంది. ఊలు టోపీ తప్పనిసరి. బట్టల రంగు కూడా చూసుకోవాలి. చెట్లున్న చోట సెట్సీ ఈగలుంటాయి, నీలం, నలుపు రంగులకు ఎగబడి వస్తాయి. పార్కులో అక్కడక్కడ వేలాడే నీలం నలుపు గుడ్డలు వాటిని పట్టే ఉచ్చులే. కుడితే చొక్కా మీదినుంచే సూది దిగుతుంది. జీన్స్ ఇంట్లో వదిలేసి మట్టిరంగు వేసుకోండి. మలేరియా మాత్రల గురించి డాక్టరును అడగండి. కెన్యాలోనో ఇథియోపియాలోనో ఆగి వెళ్లేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా పత్రం కావాలి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, లేకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే ఆపుతారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో ఆ టీకా వేస్తారు.

ఖర్చులో పెద్ద భాగం పార్కు రుసుములు, వాహనం. రుసుము మనిషికి 24 గంటల లెక్కన డాలర్లలో ఉంటుంది. గేటు దాటే వేళను బట్టి ఒక రోజు రుసుము మిగలనూ వచ్చు, అదనంగా పడనూ వచ్చు, ఏజెంటుతో ఆ లెక్క ముందే వేయించండి. ఎన్‌గొరొంగొరొ బిలంలోకి దిగితే వాహనానికి వేరే రుసుము. నలుగురైదుగురు కలిసి ఒక ల్యాండ్ క్రూయిజర్ తీసుకుంటే భారం తగ్గుతుంది. ఆరు రోజుల్లో ఐదు పార్కులు అని రాసిన ప్యాకేజీ జోలికి పోవద్దు. వాటిలో మీరు ఎక్కువగా చూసేది ముందు వెళ్లే జీపు లేపిన దుమ్ము. మందలున్న ఒక్కచోట మూడు నాలుగు రాత్రులు ఉండండి. కెమెరా లేకపోయినా పర్లేదు, తలా ఒక బైనాక్యులర్ ఉండాలి, ఒక్కటి తెచ్చి అందరూ లాక్కుంటే దంపతుల మధ్య కూడా మాటలు పెరుగుతాయి. దారిలో వాహనం దిగనివ్వరు. తప్పనిసరైతే డ్రైవరుకు "మందు తవ్వుకోవాలి" అని చెప్పాలి, బహిర్భూమికి స్వాహిలీ మర్యాద అది. చుట్టూ చూసి, సింహం లేదనుకున్నాక ఆపుతాడు.

డ్రైవరును తొందరపెట్టొద్దు. రేడియోలో ఎవరో "చుయ్" అన్నారంటే ఎక్కడో కొమ్మ మీద చిరుత ఉందన్నమాట, అన్ని జీపులూ అటే పరుగెడతాయి. మీరు పరుగెత్తకపోయినా పోయేదేం లేదు. ఖాళీగా మిగిలిన ఆ దారిలో రాళ్ల గుట్ట మీద సింహం పిల్లలు బయటికొచ్చే వేళ అదే కావచ్చు.

ఒక్క మనవి. నది ఒడ్డున ఫొటో కోసం "ఇంకాస్త ముందుకు పోనీ" అని డ్రైవరును అడగకండి. వాహనాలు ఒడ్డుకు అడ్డం నిలిస్తే మంద దిగే చోటు మూసుకుపోతుంది, పక్కనున్న నిట్టనిలువు గట్టు మీదినుంచి దూకాల్సి వస్తుంది. టిప్పు మీ చేతిలో ఉంటుంది కాబట్టి మీరు అడిగితే ఆయన కాదనలేడు. వెనకే ఆపమని ముందు మీరే చెప్పండి.